థ్రిల్లర్ మొదటి రెండు నిమిషాలు: ఎవరికి ఏం తెలియాలి, ఎప్పుడు తెలియాలి

కెమెరా దొరికింది. నటించడానికి స్నేహితుడు ఒప్పుకున్నాడు. రాత్రిపూట వాడుకోవడానికి ఖాళీ గది కూడా ఉంది. సినిమా చదువుకునే విద్యార్థులకు థ్రిల్లర్ ఓపెనింగ్ తీయమని ప్రాజెక్టు ఇచ్చినప్పుడు చాలాసార్లు పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఎవరో పరిగెత్తుతారు, వెనక ఎవరో తరుముతారు, కెమెరా ఊగిపోతుంది, తెర నల్లబడుతుంది, ఒక కేక వినిపిస్తుంది. తీస్తున్నప్పుడు అందరికీ గుండె దడదడలాడుతుంది. తీరా తెర మీద చూస్తే ఏమీ అనిపించదు.

ఇంత కష్టపడి తీస్తే ఎందుకిలా అయింది అన్న ప్రశ్న విద్యార్థులను నిజంగా బాధపెడుతుంది. తప్పు కెమెరాది కాదు, నటించిన స్నేహితుడిదీ కాదు. పరిగెత్తే మనిషి ఎవరో మనకు తెలియదు. తరిమేవాడికి ఏం కావాలో తెలియదు. దొరికిపోతే ఏమవుతుందో కూడా తెలియదు. ఏమీ తెలియని మనిషి కోసం భయపడటం ఎవరికైనా కష్టమే.

థ్రిల్లర్ ఓపెనింగ్‌కి ప్లాన్ వేయడమంటే షాట్లు ఊహించుకోవడమే అనుకుంటాం. దానికంటే ముందు తేలాల్సిన లెక్క ఒకటుంది. ఈ క్షణానికి పాత్రకు ఎంత తెలుసు, చూసేవాడికి ఎంత తెలుసు? ఈ లెక్క తేలితే కెమెరా ఎక్కడ పెట్టాలన్నది సగం తేలినట్టే.

## ఓపెనింగ్ సీక్వెన్స్ అంటే ఏది

కెమెరా ఆన్ చేసినప్పటి నుంచి ఆపేదాకా వచ్చిన ముక్కలో ఎడిటింగ్ తర్వాత సినిమాలో మిగిలేది షాట్. ఒకే చోట, ఒకే సమయంలో జరిగేది సీన్. ఒక పని లేదా ఒక ఆలోచన మొదలై ఒక కొలిక్కి వచ్చేదాకా సాగే షాట్ల, సీన్ల వరస సీక్వెన్స్. సినిమా మొదట్లో వచ్చే అలాంటి వరసే ఓపెనింగ్ సీక్వెన్స్. టైటిల్స్ చాలావరకు ఇందులోనే కలిసి ఉంటాయి.

దీన్ని షార్ట్ ఫిల్మ్‌తోనో ట్రైలర్‌తోనో కలిపేయడం వల్ల చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి. షార్ట్ ఫిల్మ్‌కి ముగింపు ఉంటుంది. ట్రైలర్ సినిమా అంతటినుంచీ ముక్కలు ఏరి చూపిస్తుంది. ఓపెనింగ్‌కి ఆ రెండూ అక్కర్లేదు. తర్వాత గంటన్నర సినిమా ఉందని నమ్మించి, దాన్ని చూడాలనిపించే ప్రశ్న ఒకటి మనసులో పెట్టి వదిలేయాలి. రెండు నిమిషాల్లో హత్య జరిగి, హంతకుడు దొరికిపోయి, వాడెందుకు చంపాడో కూడా తెలిసిపోతే అది ఓపెనింగ్ కాదు, తొందరపడ్డ షార్ట్ ఫిల్మ్.

థ్రిల్లర్‌కీ దాని పక్కింటి జానర్లకూ తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మిస్టరీలో ప్రశ్న వెనక్కి చూస్తుంది: ఏం జరిగింది, ఎవరు చేశారు? థ్రిల్లర్‌లో ముందుకు చూస్తుంది: ఇప్పుడు ఏం జరగబోతోంది, ఇతను తప్పించుకుంటాడా? హారర్‌లో ఎదురుగా ఉన్నదే మనల్ని వణికిస్తుంది. ఈ గీతలు గట్టివేమీ కావు, మంచి సినిమాలు వీటిని దాటుతూనే ఉంటాయి. కానీ రక్తం, ముసుగు, వింత చూపులు నింపేసి థ్రిల్లర్ అనుకుంటే చాలావరకు అది హారర్ వైపు జారిపోతుంది.

## బల్ల కింద బాంబు

సస్పెన్స్ గురించి ఎవరు మాట్లాడినా దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ దగ్గరికి వస్తారు. ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిగిన సంభాషణలో ఆయన దీన్ని వివరించాడు. బల్ల దగ్గర కూర్చుని ఇద్దరు మామూలు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఉన్నట్టుండి బాంబు పేలింది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, కానీ అంతకుముందు జరిగింది వట్టి కబుర్లే. ఇప్పుడు అదే సీన్‌లో, బల్ల కింద బాంబు పెట్టడం ప్రేక్షకుడు ముందే చూశాడనుకుందాం. ఒంటిగంటకు పేలుతుందని తెలుసు, పావుగంట టైముంది. ఆ పిచ్చాపాటీయే ఇప్పుడు భరించలేనంత టెన్షన్ పెడుతుంది. మాటలు ఆపి కిందకి చూడండయ్యా అని అరవాలనిపిస్తుంది. మొదటి పద్ధతిలో ప్రేక్షకుడికి దక్కేది 15 సెకన్ల ఉలికిపాటు, రెండో దాంట్లో 15 నిమిషాల సస్పెన్స్ అన్నది ఆయన లెక్క.

ఇక్కడ గమనించాల్సింది బాంబును కాదు. రెండిట్లోనూ బాంబు అదే, బల్ల అదే, మాటలూ అవే. మారింది ఒక్కటే, ప్రేక్షకుడికి ఆ సంగతి ఎప్పుడు తెలిసింది అన్నది. దానికి అదనంగా ఖర్చయ్యేది బల్ల కింద తీసిన ఒక్క షాట్. చేతిలో డబ్బు లేని విద్యార్థికి ఇంతకు మించిన శుభవార్త లేదు.

ఒక చిన్న హెచ్చరిక కూడా ఇందులోనే ఉంది. ప్రేక్షకుడికి ముందే చెప్పడం ఎప్పుడూ మేలని హిచ్‌కాక్ అనలేదు. కథకు చివరి మలుపే ప్రాణమైనప్పుడు దాచక తప్పదని ఆయనే ఒప్పుకున్నాడు.

## ఒకే గది, ఒకే మనిషి, నాలుగు ఓపెనింగ్‌లు

ఉదాహరణకు ఒక జిరాక్స్ గది తీసుకుందాం. రాత్రి. అందరూ వెళ్లిపోయారు. ఒక కుర్రాడు నాలుగు కాగితాలు జిరాక్స్ తీస్తున్నాడు. మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు. మెషిన్ మూత సగం ఎత్తి ఉంది, వెలుగు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి జరిగినప్పుడల్లా అతని ముఖం వెలిగి ఆరిపోతోంది. ఇంతవరకు నాలుగు పద్ధతుల్లోనూ ఒకటే.

మొదటి పద్ధతిలో నాలుగు కాపీలు వచ్చాక మెషిన్ ఆగదు. ఐదో కాగితం వస్తుంది. దాని మీద ఒక ఫొటో: ఇదే గది, ఇదే మెషిన్, దాని ముందు నిలబడ్డ అతని వీపు. ఇప్పుడే ఎవరో ఫోన్‌లో ఫొటో తీసి, ఆ ఫోన్ నుంచే మెషిన్‌కి ప్రింట్ పంపారు. అతనికీ మనకూ ఆ సంగతి ఒకేసారి తెలుస్తుంది. అతనితో పాటు మనమూ వెనక్కి తిరుగుతాం.

రెండో పద్ధతిలో ఫొటో లేదు. కాగితాలు సర్దుకుంటుండగా వెనక నుంచి ఒక చెయ్యి భుజం మీద పడుతుంది. ఉలిక్కిపడతాం. మూడు సెకన్ల తర్వాత మామూలైపోతాం. విద్యార్థుల థ్రిల్లర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. తీయడం తేలిక, గుర్తుండటం కష్టం.

మూడో పద్ధతిలో, మెషిన్ వెలుగు జరుగుతున్నప్పుడు వెనకున్న కాగితాల ర్యాక్ సందులో ఒక్క క్షణం మోచేయి కనిపిస్తుంది. కుర్రాడు చూడలేదు, మనం చూశాం. ఆ తర్వాత మెషిన్‌లో కాగితం ఇరుక్కుంటుంది. అతను ర్యాక్ వైపు వీపు పెట్టి, వంగి, ఓపిగ్గా దాన్ని లాగుతుంటాడు. ఇరుక్కున్న కాగితం తీయడం అంత చప్పటి పని ఇంకోటి ఉండదు. కానీ ఇప్పుడు ప్రతి సెకనూ బరువుగా గడుస్తుంది. బల్ల కింద బాంబు ఇక్కడ ర్యాక్ వెనక మోచేయి అయింది.

నాలుగో పద్ధతిలో ఐదో కాగితం వస్తుంది. దాని మీద ఏముందో మనకు చూపించరు. చూపించేది అతని ముఖం మాత్రమే. అతను దాన్ని చూసి, మెల్లగా మడిచి జేబులో పెట్టుకుంటాడు. వెనక్కి తిరగడు. మళ్లీ జిరాక్స్ తీయడం మొదలుపెడతాడు. అతనికి తెలుసు, మనకు తెలియదు. ఎందుకు తిరగలేదు అన్న ప్రశ్న కాగితం మీద ఏముంది అన్న ప్రశ్న కంటే పెద్దదవుతుంది.

నాలుగో పద్ధతికి గొప్ప నటుడు కావాలేమో అని భయపడతారు. ఇక్కడ ఎడిటింగ్ ఆదుకుంటుంది. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ పేరుతో ప్రసిద్ధమైన ప్రయోగంలో ఒకే నటుడి ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన పెట్టి చూపిస్తే, చూసినవాళ్లు ఆ ముఖంలో ఒకసారి ఆకలిని, ఒకసారి దుఃఖాన్ని చదివారని చెబుతారు. ముఖం మారలేదు, పక్కనున్న షాట్ మారింది. కాబట్టి కళ్లు పెద్దవి చేసి, ఊపిరి ఎగబీల్చి నటించడం కంటే ఏమీ చేయకుండా చూడటమే చాలాసార్లు బాగా పండుతుంది.

నా మట్టుకు మూడోది, నాలుగోది ఎక్కువ బలమైనవి. కానీ మొదటిదాన్ని తీసేయలేం. పాత్రతో సమానంగా నడిస్తే ప్రేక్షకుడికి ఆ పాత్ర మీద తొందరగా మమకారం పుడుతుంది. సినిమా అంతా ఈ కుర్రాడి వెంటే నడవబోతుంటే అదే సరైన ఎంపిక కావచ్చు.

## 120 సెకన్ల పద్దు

మూడో పద్ధతిని ఎంచుకుని, చివర్లో మొదటి పద్ధతిలోని ఐదో కాగితాన్నీ కలుపుకున్నామనుకుందాం. రెండు నిమిషాలంటే 120 సెకన్లు. జమాఖర్చు పుస్తకంలో డబ్బు రాసినట్టు ఇక్కడ సెకన్లు రాసుకోవచ్చు.

మొదటి 10 సెకన్లు నల్ల తెర, మెషిన్ శబ్దం. తర్వాతి 20 సెకన్లలో చేతులు, కాగితాలు, వెలుగు, తలుపు వైపు చూపు. ఇతను చేయకూడని పనేదో చేస్తున్నాడని ఇక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత 15 సెకన్లలో ర్యాక్ సందులో మోచేయి. ఇంకో 15 సెకన్లలో అదే సందులో ఫోన్ తెర వెలుగు. ఇక కాగితం ఇరుక్కునే భాగానికి 35 సెకన్లు. ఐదో కాగితానికి 17. చివరి 8 సెకన్లు అతని ముఖం, ఆరిపోయే వెలుగు, సినిమా పేరు.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఏమీ జరగని భాగానికి వెళ్లింది. మొదటిసారి ప్లాన్ వేసేవాళ్లు ఇక్కడే జంకుతారు. 35 సెకన్లు కాగితం లాగుతుంటే ఎవరు చూస్తారు అని దాన్ని 8 సెకన్లకు కుదించేస్తారు. కానీ మోచేయి చూసిన ప్రేక్షకుడు ఆ సమయమంతా కాగితాన్ని కాదు, ర్యాక్‌ను చూస్తుంటాడు. సస్పెన్స్ పుట్టేది ఆ ఎదురుచూపులోనే. దాన్ని కోసేస్తే బాంబు పెట్టిన వెంటనే పేల్చినట్టవుతుంది.

నల్ల తెర పోగా మిగిలేది 110 సెకన్లు. 22 షాట్లుగా తీస్తే సగటున ఒక్కో షాట్‌కి 5 సెకన్లు. సగటు అన్నది గుర్తుపెట్టుకోవాలి. మోచేయి షాట్ 2 సెకన్లే ఉండొచ్చు, వంగి కాగితం లాగే షాట్ 12 సెకన్లు నిలబడొచ్చు. అన్ని షాట్లూ ఒకే పొడవుంటే గడియారం టిక్కుటిక్కులా విసుగు పుట్టిస్తుంది.

## వేగంగా మొదలవ్వాలా, నిదానంగానా

ఈ వాదన ఎప్పుడూ ఉన్నదే. వేగం కావాలనేవాళ్ల మాటలో నిజముంది. ప్రేక్షకుడు ఓపిక పట్టడు, ఫోన్‌లో చూస్తుంటే వేలితో పక్కకు తోసేస్తాడు, కాబట్టి మొదటి క్షణంలోనే ప్రమాదం చూపించాలంటారు. నిదానం కావాలనేవాళ్ల మాట కూడా కొట్టిపారేయలేనిదే. మామూలుగా ఉన్నదేదో చూపించకపోతే అది చెదిరినప్పుడు ఎవరికీ తెలియదు. ప్రశాంతత లేకుండా అలజడికి విలువ ఉండదు.

దగ్గరగా చూస్తే ఈ రెండు వర్గాలు రెండు వేరువేరు విషయాల గురించి మాట్లాడుతున్నాయి. ఒకరు ప్రశ్న ఎప్పుడు పుట్టాలో చెబుతున్నారు, ఇంకొకరు జవాబు ఎంతసేపు ఆగాలో చెబుతున్నారు. జిరాక్స్ గది ఉదాహరణలో వేగం అసలు లేదు. అయినా ఇతను తలుపు వైపు ఎందుకు చూస్తున్నాడు అన్న చిన్న ప్రశ్న 15వ సెకను దగ్గరే పుడుతుంది. ర్యాక్ వెనక ఎవరు అన్న పెద్ద ప్రశ్న అర నిమిషం దాటాక వస్తుంది. అలారం మోగి, నిద్రలేచి, పళ్లు తోముకుని, బ్యాగు సర్దుకునే ఓపెనింగ్‌లు నీరసంగా ఉండేది నిదానం వల్ల కాదు. ఆ పనులేవీ ఏ ప్రశ్ననూ పుట్టించవు.

## కనిపించనిదాన్ని వినిపించడం

తక్కువ ఖర్చుతో ఎక్కువ భయం పుట్టించేది శబ్దమే. 1931లో, సినిమాకి మాట వచ్చిన తొలి రోజుల్లోనే, జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 'ఎం' సినిమాలో దీన్ని చేసి చూపించాడు. పిల్లల్ని చంపేవాడి ఉనికి మనకు ఈలపాటగా వినిపిస్తుంది. హత్య తెర మీద జరగదు. బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది. బుడగ ఒకటి తీగల్లో చిక్కుకుంటుంది. ఇంట్లో తల్లి బిడ్డను పిలుస్తున్న గొంతు ఖాళీ మెట్ల మీద వినిపిస్తుంది. అంతే, జరిగిందేమిటో అర్థమైపోతుంది.

శబ్దాన్ని రెండుగా విడదీసుకుంటే ప్లాన్ సులువవుతుంది. పాత్రలకు వినిపించేది కథ లోపలి శబ్దం: మెషిన్ హోరు, కాగితం చిరిగే చప్పుడు. మనకు మాత్రమే వినిపించేది కథ బయటి శబ్దం: నేపథ్య సంగీతం. సంగీతం ముందే ప్రమాదం అని చెప్పేస్తే, ప్రేక్షకుడు తానుగా మోచేయిని కనిపెట్టే అవకాశం పోతుంది. అలాగని సంగీతం వద్దనడం కూడా న్యాయం కాదు. 'సైకో' సినిమాలో స్నానాల గది హత్యకు సంగీతం వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్ల కీచురాగం వినిపించాక మనసు మార్చుకున్నాడు. అంటే రెండు రకాలుగానూ విని చూసుకున్నాకే తేలే సంగతి ఇది.

జిరాక్స్ మెషిన్ లయే మన ఉదాహరణకు సంగీతం. అది నాలుగుసార్లు ఒకేలా మోగి, ఐదోసారి కూడా మోగినప్పుడు, కాగితం కనిపించకముందే చెవికి తేడా తెలుస్తుంది. ఇలాంటి శబ్దాన్ని షూటింగ్‌లో విడిగా, మైకు దగ్గరగా పెట్టి రికార్డు చేసుకోవాలి. దాంతోపాటు అందరూ కదలకుండా నిలబడి గది నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసేది రూమ్ టోన్. ఏ గది నిశ్శబ్దమూ ఇంకో గది నిశ్శబ్దంలా ఉండదు. అది లేకపోతే ఎడిటింగ్‌లో ప్రతి కట్ దగ్గరా శబ్దం తెగిపోయినట్టు వినిపిస్తుంది.

## టైటిల్స్ ఎక్కడ పడాలి

టైటిల్స్‌ని చివర్లో అతికించే పనిగా చూస్తారు. లెక్క వేస్తే సంగతి వేరు. పేర్లు పడే కార్డులు ఎనిమిది, ఒక్కోటి 3 సెకన్లు అంటే 24 సెకన్లు, మొత్తం సమయంలో ఐదో వంతు. అక్షరాలు కనిపిస్తే కన్ను చదవకుండా ఉండదు. మోచేయి కనిపించే క్షణంలో ఛాయాగ్రహణం ఫలానా అని పడిందంటే ప్రేక్షకుడు మోచేయిని చూడడు. మోచేయి చూడకపోతే 35 సెకన్ల కాగితం సీన్ నిజంగానే కాగితం సీన్ అయిపోతుంది.

ఇది పెద్ద సినిమాకూ తప్పలేదు. ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' 1958లో విడుదలైంది. మొదటి షాట్‌లో ఒక చెయ్యి బాంబుకు టైం పెడుతుంది, దాన్ని కారు డిక్కీలో దాస్తారు, ఆ కారు ఊరి వీధుల గుండా మెల్లగా సాగిపోతుంది. మూడు నిమిషాలకు పైగా ఒక్క కట్ కూడా లేదు. నిర్మాణ సంస్థ ఆ షాట్ మీదే టైటిల్స్ వేసి, హెన్రీ మాన్సినీ సంగీతం పెట్టింది. సంస్థ చేసిన మార్పుల మీద వెల్స్ 58 పేజీల లేఖ రాశాడు. దాని ఆధారంగా 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ సినిమాను తిరిగి కూర్చినప్పుడు ఆ షాట్ మీద టైటిల్స్ తీసేసి, వీధిలోని శబ్దాలను, దుకాణాల్లోంచి, కారు రేడియోలోంచి వచ్చే పాటలను పెట్టాడు. కారు కనిపించకపోయినా దాని రేడియో శబ్దం దగ్గరవుతుంటే బాంబు వస్తోందని చెవి కనిపెడుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1995లో వచ్చిన 'సెవెన్' సినిమాకి కైల్ కూపర్ చేసిన టైటిల్స్‌లో, ఎవరివో చేతులు నోటు పుస్తకాలు కుడుతూ, ఫొటోలు కత్తిరిస్తూ కనిపిస్తాయి. గీరినట్టుండే అక్షరాలు ఆ చేతుల స్వభావాన్నే చెబుతాయి. అక్కడ టైటిల్స్ సమాచారానికి అడ్డం రావు, అవే సమాచారం. మన ఉదాహరణలోనైతే నల్ల తెర మీద రెండు, చేతులు కాగితాలు సర్దేటప్పుడు నాలుగు, చివర సినిమా పేరు పడితే ఒక్కటే మిగులుతుంది. మొదట వేసే టైటిల్స్‌లో దర్శకుడి పేరు ఆఖర్న రావడం ఆనవాయితీ కాబట్టి, అది ఐదో కాగితం వచ్చేముందు క్షణానికి సరిగ్గా కుదురుతుంది.

## కాగితం మీద ఎంత, షూటింగ్‌లో ఎంత

షాట్ల బొమ్మలు వరసగా గీసుకుంటే స్టోరీబోర్డ్. ఆ బొమ్మల్నే అనుకున్న సెకన్ల ప్రకారం శబ్దంతో కలిపి వీడియోగా ఆడిస్తే యానిమాటిక్. అంతా ముందే గీసేస్తే షూటింగ్ యాంత్రికమవుతుందని, లొకేషన్‌లో దొరికే అదృష్టాలు చేజారతాయని కొందరు అంటారు. గీయకుండా వెళితే సగం రాత్రి చర్చల్లోనే గడుస్తుందని ఇంకొందరంటారు. నాకైతే గీత గీయాల్సింది షాట్ల మధ్య అనిపిస్తుంది. మోచేయి, ఫోన్ వెలుగు, ఐదో కాగితం సమాచారం మోసే షాట్లు, వీటిలో ఒక్కటి కుదరకపోయినా కథే మారిపోతుంది. వీటిని గీసుకోవాలి. చేతుల షాట్లు, వెలుగు షాట్లు అక్కడికక్కడ దొరికినా నష్టం లేదు.

కథ వరసలో తీయడానికి, కెమెరా ఉన్న చోటును బట్టి తీయడానికి ఎంత తేడా ఉంటుందో చూడండి. కెమెరా, లైటు కదిపి మళ్లీ సర్దడాన్ని సెటప్ అంటారు. ఒక్కోదానికి అరగంట అనుకుందాం. 22 షాట్లనూ కథ వరసలో తీస్తూ ప్రతిసారీ కెమెరా కదిపితే 11 గంటలు. అవే షాట్లను చూస్తే, ర్యాక్ వైపు నుంచి తీసేవన్నీ ఒక చోట, ముఖం మీద తీసేవన్నీ ఇంకో చోట చేరి తొమ్మిది సెటప్‌లు తేలతాయి. నాలుగున్నర గంటలు. ఒక్క రాత్రిలో అయిపోతుంది, శబ్దం రికార్డు చేయడానికీ, పోయిన షాట్ మళ్లీ తీయడానికీ సమయం మిగులుతుంది.

ఈ గదిలో చిక్కు తెచ్చేది లైటు. ఫోన్ కెమెరా ఆటో ఎక్స్‌పోజర్‌లో, అంటే వెలుగును తనంతట తానే సర్దుకునేలా ఉంటే, మెషిన్ వెలుగు వచ్చినప్పుడల్లా చీకటిని పైకి లాగి, కిందికి దించి, మొత్తం పాడుచేస్తుంది. దాన్ని లాక్ చేయాలి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట కొన్ని ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, కంటికి కనిపించకపోయినా వీడియోలో చారలుగా తేలతాయి. అక్కడ షట్టర్, అంటే ఒక్కో ఫ్రేమ్ మీద వెలుగు పడే సమయం, సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెడితే చారలు పోతాయి, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120.

ఇంకో సంగతి, 180 డిగ్రీల నియమం. కుర్రాడి నుంచి ర్యాక్ దాకా ఒక గీత ఊహించుకుని, కెమెరా ఆ గీతకు ఒకే వైపు ఉంటే, అతని వెనకేముందో ప్రేక్షకుడికి ఎప్పుడూ తెలుస్తూ ఉంటుంది. అయోమయం పుట్టించడానికి గీత దాటే దర్శకులున్నారు. కానీ ఈ ఓపెనింగ్ మొత్తం వెనక ర్యాక్ ఉంది అన్న ఒక్క జ్ఞాపకం మీదే నిలబడింది. గీత దాటితే ఆ జ్ఞాపకం చెదురుతుంది.

## ఎక్కడ కట్ చేయాలి

ఐదో కాగితం వచ్చింది. అతను తీసి చూశాడు. ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి.

ఒకటి, అతను వెనక్కి తిరగడం, ర్యాక్ వెనక మనిషి కనిపించడం. ఇలా చేస్తే ర్యాక్ వెనక ఎవరు అన్న ప్రశ్నకు జవాబు వచ్చేస్తుంది. దాని స్థానంలో కొత్త ప్రశ్న పుట్టాలి, అందుకు మిగిలింది 8 సెకన్లే. ఆ మనిషి ముఖం మనకు ఇంతకుముందే ఎక్కడో, గోడ మీద ఫొటోలోనో, తలుపు అద్దంలోనో, కనిపించి ఉంటే ఇది పనిచేస్తుంది. ముక్కూమొహం తెలియని మనిషైతే పనిచేయదు.

రెండోది, అతను తిరగబోయే క్షణంలో ఆపేయడం. ముఖం సగం తిరిగింది. మెషిన్ వెలుగు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి జరిగి ఆరిపోయింది. తెర నల్లగా ఉంది, పేరు పడింది. మెషిన్ హోరు మాత్రం ఆగలేదు. ఇంకో కాగితం వస్తున్న చప్పుడు వినిపిస్తోంది.